జూలై ఒకటో తేదీన పుట్టిన కంప్యూటరు

నీలాలరేవు మునిసిపాలిటీలో జనన మరణాల విభాగం కంప్యూటరుని ఉదయం పదింటికి మీట నొక్కి లేపితే పదీ ఇరవై రెండుకి కళ్ళు తెరుస్తుంది. ఈలోగా సీనియర్ అసిస్టెంటు జోగారావు గారు కిటికీ గట్టు మీది మందార కుండీకి నీళ్ళు పోసి, బల్ల తుడిచి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేవారు. అప్పటికీ తెర మీద 'దయచేసి వేచి ఉండండి' అన్న అక్షరాలే ఉండేవి. ఆయన విసుక్కునేవారు కాదు. భార్య సుభద్ర పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ రోజుకి పదిసార్లు వంటింట్లోంచి "ఉండండి, వస్తున్నా" అని కేకేసేది. ఇప్పుడు లోకం మొత్తం మీద ఆయన్ని ఉండమనేది ఈ కంప్యూటరు ఒక్కటే.

కానీ ఆ ఏడు ఆయనకి తొందర వచ్చిపడింది.

ఊరి పాత జననాల రిజిస్టర్లు పంతొమ్మిది ఉన్నాయి. అవన్నీ రాసినాయన చినలింగం పంతులు గారు. ఆయనది గొలుసుకట్టు రాత. పేజీ మొదట్లో కలం ఆనించారంటే మళ్ళీ పేజీ చివర్లోనే ఎత్తేవారు. చూస్తే ఊళ్ళో పిల్లలంతా ఒకే తాడు పట్టుకుని వేలాడుతున్నట్టు ఉండేది. ఆయన దగ్గర జూనియరుగా చేరి, తిట్లు తిని, ఆ రాత చదవడం నేర్చుకున్నది జోగారావు గారొక్కరే. దానికి తోడు ఒకప్పుడు చెదలు పట్టిందని రిజిస్టర్లు మళ్ళీ కుట్టిస్తే, బైండరు ఏ ఏటి కాగితాన్ని ఏ ఏట్లో కలిపి కుట్టాడో దేవుడికే తెలియాలి. వాటిలో ఒక మనిషి పుట్టుక పట్టుకోవాలంటే కాగితం కాగితం చదివి, పేర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించడం ఒక్కటే దారి.

మూడేళ్ళలో జోగారావు గారు తొమ్మిది ఎక్కించారు. పది మిగిలాయి. ఆయన సర్వీసు పదకొండు నెలలు మిగిలింది. ఆయన రిటైరయ్యే జూన్ ముప్పయ్యో తేదీ నాటికి ఎక్కని రిజిస్టర్లని 'చదువుటకు వీలుకానివి'గా భావించి పైఆఫీసు గోదాముకి పంపాలని ఉత్తర్వు వచ్చింది. ఆ గోదాములోకి వెళ్ళిన కాగితం తిరిగొచ్చినట్టు దాఖలా లేదు.

"ఏటి బాబూ, ఇయ్యాలన్నా దొరికినానా?" అంటూ ప్రతి సోమవారం చేపల తట్ట గుమ్మంలో దించి వచ్చేది నూకాలమ్మ.

ఆవిడకీ, తోటికోడలు పైడితల్లికీ ఒక పాత తగువు ఉంది. ఇద్దరూ ఈ ఊళ్ళోనే పుట్టి, ఒకే ఇంటికి కోడళ్ళయ్యారు. మొగుళ్ళిద్దరూ కవలలు. వాళ్ళలో ఎవరు ముందు పుట్టారో కన్నతల్లే మరిచిపోయింది. కోడళ్ళలో ఎవరు పెద్దో ఎవరికీ తెలియదు. ఆ కారణంగా నలభై రెండేళ్ళుగా ఒకర్నొకరు 'అక్కా' అని పిలుచుకోలేదు. ఒకరు 'ఓయ్' అంటే రెండోవారు 'ఏటోయ్' అంటారు.

"సచ్చేలోగా దాని సేత ఒక్కపాలి అక్కా అనిపించుకోవాల బాబూ. పెద్దదాన్ని నానే. నా మొకం సూస్తే తెల్దేటి?"

"తెలుస్తోందమ్మా. కానీ మొహం రికార్డు కాదు," అన్నారు జోగారావు గారు.

ఆయన బస్సు కాంప్లెక్సు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అప్పలసూరిని పిలిపించారు. అప్పలసూరి మూత విప్పి, లోపల్నించి రెండు బల్లి గుడ్లూ, పిడికెడు బూడిదరంగు దూదీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మనిషి మంచోడే మాస్టారూ. గుండెకేం ఢోకా లేదు. ఈ పాత డిస్కు తీసేసి కొత్త రకం డిస్కు వేయించండి, రేపట్నించి గుర్రమే. ర్యామూ, కీబోర్డూ, మానిటరూ మీకు కుదిరినప్పుడల్లా ఒక్కోటీ మార్చుకోవచ్చు. ముందు మాత్రం డిస్కు."

"ముందు డిస్కు," అని జోగారావు గారు కాగితం మీద రాసి కింద రెండు గీతలు గీశారు.

ఆ కాగితం మేనేజరు కూర్మారావు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ముప్పై ఏళ్ళుగా నిబంధనల పుస్తకాలు చదివి చదివి మామూలు మాటలు మరిచిపోయిన మనిషి. ఇంట్లో మజ్జిగ కావాలన్నా 'తదుపరి అంశం' అంటారని ప్రతీతి.

"కొత్త కంప్యూటరు కొనుగోలు పొదుపు చర్యల దృష్ట్యా పరిశీలించదగినది కాదు," అన్నారు. "ఉన్నదానిని, ఉన్న నిధులకు లోబడి, అంచెలంచెలుగా మెరుగుపరచుట పరిశీలించదగినదే."

"సంతోషం సార్. ముందు డిస్కు..."

"ఆగండి. ఏ రిజిస్టరులో మెరుగుపరుస్తాం?" ఆయన స్టోర్సు రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించారు. "ఇందులో వస్తువుకి మూడే గతులు. వచ్చినది, తరిగినది, పనికిరానిది. మెరుగైనది అన్న గడి లేదు. నిబంధనల ప్రకారం వస్తువు అనేది ఏటేటా తరగాలి. మీ పదార్థం ఏటేటా పెరుగుతుందంటున్నారు."

"ఔను సార్."

"పెరిగేది వస్తువు కాదు జోగారావు గారూ." కూర్మారావు గారు కళ్ళజోడు తీసి మడిచారు. "మన ఆఫీసులో అంచెలంచెలుగా పెరిగేది ఒక్కటే. ఉద్యోగి."

జోగారావు గారు నవ్వబోయి, మేనేజరు మొహం చూసి మానుకున్నారు.

అలా కంప్యూటరుకి సర్వీసు రిజిస్టరు తెరిచారు. పేరు: కంప్యూటరు. తండ్రి పేరు: స్టిక్కరు చిరిగినందున తెలియరాలేదు. పుట్టుమచ్చలు రెండు: ఎడమ చెంపన గీత, వెనకవైపు పనిచేయని రంధ్రం. వేలిముద్రలు కావాలంటే దాని ఒంటినిండా ఉన్నాయి, కాకపోతే అన్నీ జోగారావు గారివే. పుట్టిన తేదీ గడి దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. కొన్నప్పటి బిల్లు పోయిన తుపానులో ముద్దయిపోయింది. ఊరందరి పుట్టిన తేదీలూ ఉన్న గదిలో దాని తేదీ లేదు.

"పుట్టిన తేదీకి ఆధారము లేని ఉద్యోగిని వైద్యాధికారి వద్దకు పంపి వయసు నిర్ధారించవలెను," అని చదివారు కూర్మారావు గారు.

జోగారావు గారు దాన్ని దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మునిసిపల్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ తల ఎత్తకుండా చీటీ లాక్కుంది.

"ఏమిటి బాధ?"

"లేవడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతోందండి."

"ఒళ్ళు వేడెక్కుతుందా?"

"మధ్యాహ్నం నించీ కాస్త ఎక్కువే."

"ఆయాసం?"

"ఫాను తిరుగుతున్నంతసేపూ ఉంటుందండి."

"మరుపు?"

"నిన్న చేసింది ఒక్కోసారి ఇవాళ ఉండదు."

అప్పుడు తలెత్తి, స్టూలు మీద కూర్చోబెట్టిన రోగిని చూసింది. నవ్వలేదు. ఆ ఉదయం నూట పదిమంది పిల్లలకి టీకాలు వేయడంతో ఆవిడ నవ్వులు అయిపోయాయి. 'చూడగా వయసు అరవై ఒకటి' అని రాసి ముద్ర కొట్టింది. "ఇంత బరువు మీరొక్కరే మోసుకొచ్చారా? కూర్చోండి. మీ బీపీ కూడా చూస్తాను," అని ఆయనకి కుర్చీ జరిపింది. తనని ఎవరైనా 'కూర్చోండి' అని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ జోగారావు గారు చొక్కా చెయ్యి పైకి మడిచారు.

ఏడు తెలిసి నెలా రోజూ తెలియకపోతే జూలై ఒకటి వేయాలని నిబంధన. వేశారు. జోగారావు గారిదీ అదే ఏడు, జూలై ఒకటే. ఆయన్ని బళ్ళో వేసిన రోజున హెడ్మాస్టరు గారు క్లాసులోని ముప్పై ఏడుమందినీ ఒకే రోజున పుట్టించేశారు. కాబట్టి వచ్చే జూన్ ముప్పయ్యో తేదీన ఆయనా, కంప్యూటరూ కలిసి రిటైరవుతారని తేలింది.

"మరి డిస్కు సార్?"

"డిస్కు లోపలి స్థానం, కీలక స్థానం. అక్కడికి నేరుగా వెళ్ళరాదు. కింది మెట్టు నించి రావాలి."

కింది మెట్టు అంటే మౌసు కింద పరిచే రబ్బరు ముక్క. అది ఆగస్టులో వచ్చింది. సెప్టెంబరులో మౌసు వచ్చింది. దసరా ముందు కీబోర్డు వచ్చింది. ప్రతి భాగమూ 'నేటి ఉదయము విధులలో చేరితిని' అని కాగితం ఇచ్చింది. అది రాయలేదు కాబట్టి జోగారావు గారు రాశారు. కరెంటు పోయిన రోజుల్ని కంప్యూటరు ఖాతాలో సెలవులుగా వేయడంతో సెప్టెంబరు నాటికే దాని సెలవులు ఖర్చయిపోయి, 'తరచు గైర్హాజరు' అని ఒక తాఖీదు కూడా వచ్చింది.

ఆశ్వయుజంలో సుభద్ర ఆబ్దికానికి జోగారావు గారు ఒక్క రోజు సెలవు అడిగారు.

"ఆ వారం కరెంటు కోత ఉంది. ఇద్దరూ సెలవులో ఉంటే విభాగం ఎవరు చూస్తారు?" అని కూర్మారావు గారు సగం రోజు మంజూరు చేశారు. జోగారావు గారు పిండాలు పెట్టి, తడి పంచెతోనే విస్తరి ముందు కూర్చుని, గడియారం చూసుకుంటూ తిన్నారు.

దసరాకి ఆఫీసులో చెత్త లారీలకీ, నీళ్ళ ట్యాంకర్లకీ, టైపు మిషనుకీ పూజ చేయడం ఆనవాయితీ. ఆ ఏడు కంప్యూటరు ఉద్యోగి కాబట్టి పూజ చేయించుకోవాలా, చేయాలా అన్న సందేహం వచ్చింది కానీ, కూర్మారావు గారు పై ఆఫీసుకి రాసి జవాబు తెప్పించుకునేలోపల అటెండరు బొట్టు పెట్టేశాడు. బంతిపూలు తక్కువ పడి, ఒకే దండ కంప్యూటరుకీ పక్కనున్న ప్రింటరుకీ కలిపి వేశారు. దాన్ని ఫొటో తీశారు. ఆ ఫొటో సంగతి తరవాత వస్తుంది.

డిసెంబరులో పరీక్ష వచ్చింది. కీబోర్డు దాటి లోపలికి వెళ్ళాలంటే ఉద్యోగి శాఖాపరమైన పరీక్ష పాసవ్వాలి. హైస్కూలు మూడో గదిలో కంప్యూటరుకి నంబరు వేశారు.

"పక్కన కూర్చుని నేను టైపు చేస్తానండి," అన్నారు జోగారావు గారు.

"అభ్యర్థి పక్కన ఎవరూ ఉండరాదు," అన్నారు పర్యవేక్షణకి వచ్చిన కూర్మారావు గారు. "చేతులు లేని అభ్యర్థికి లేఖకుణ్ణి ఇవ్వవచ్చు. కానీ దరఖాస్తు నెల ముందు పెట్టుకోవాలి."

ప్లగ్గు దూరంగా ఉండడంతో కంప్యూటరు మూడు గంటలూ చీకటిగానే కూర్చుంది. చుట్టూ ఉన్న అభ్యర్థులు ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని రాశారు. అదొక్కటే తల తిప్పలేదు. దాని క్రమశిక్షణని ఇన్విజిలేటరు ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. జనవరిలో ఫలితం వచ్చింది. ఫెయిలు.

మళ్ళీ పరీక్ష జూలైలో. ఆ మాట విని జోగారావు గారు గోడ మీది క్యాలెండరు తిప్పి చూసుకున్నారు. జూలై నాటికి తనుండరు, రిజిస్టర్లూ ఉండవు. ఆ సోమవారం నూకాలమ్మ వచ్చినప్పుడు ఆవిడ మొహంలోకి చూడలేకపోయారు.

"ఏటి బాబూ అలాగున్నావు? కాయితం పోయినాదేటి?"

"పోలేదమ్మా. పోకుండా చూస్తున్నాను."

ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, తట్టలోంచి నాలుగు నెత్తళ్ళు ఆకులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. "కంప్యూటరుకి కాదు, నీకే," అంది. జోగారావు గారు చేపలు తినరు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

మర్నాడు భోజనం వేళ కూర్మారావు గారి బీరువాలోని నిబంధనల పుస్తకాన్నే తెచ్చుకుని, పెరుగన్నం తింటూ పేజీ పేజీ తిప్పారు. పెరుగన్నం అయిపోయేసరికి దొరికింది. నలభై అయిదేళ్ళు దాటిన ఉద్యోగికి పరీక్ష నించి మినహాయింపు ఇవ్వవచ్చు.

"దీనికి అరవై ఒకటి సార్," అన్నారు మేనేజరు ముందు పుస్తకం పెట్టి.

కూర్మారావు గారు మూడుసార్లు చదివారు. తప్పిపోయిన చుట్టం రైలు దిగినట్టు ఆయన మొహం వెలిగింది. "వర్తిస్తుంది!" అన్నారు. "జోగారావు గారూ, మీలో ఇంత మేనేజరు ఉన్నాడని నేను అనుకోలేదు."

ఫైలు ఫిబ్రవరి, మార్చి నెలలు తిరిగి ఏప్రిల్లో డిస్కు వచ్చింది. అప్పలసూరి అరగంటలో బిగించి మీట నొక్కాడు. అలవాటు ప్రకారం జోగారావు గారు చెంబు తీసుకుని కిటికీ వైపు నడిచారు.

"ఎక్కడికి మాస్టారూ? వచ్చేసింది!"

ఆయన చెంబుతో అలాగే నిలబడిపోయారు. పద్నాలుగు సెకన్లు. 'వేచి ఉండండి' అన్న అక్షరాలు ఒక్క రెప్పపాటు కనిపించి పోయాయి. మందారానికి నీళ్ళు పోసే తీరిక కూడా ఇవ్వలేదు. సంతోషించాల్సిన సమయమే గాని, ఎందుకో కాస్త దిగులేసింది.

దిగులుకి వ్యవధి లేదు. అప్పటికి పదమూడు రిజిస్టర్లు పూర్తయ్యాయి. ఇప్పుడు పేర్లు వానపాముల్లా పుస్తకంలోంచి జారి తెర మీద అక్షరాలవుతున్నాయి. మే సగానికి పదిహేను అయ్యాయి. అంతలో బదిలీలు వచ్చాయి.

ఒకే సీటులో అయిదేళ్ళు దాటిన ఉద్యోగి ఎవరైనా కదలాల్సిందే. కంప్యూటరుని పారిశుధ్య విభాగానికి బదిలీ చేశారు. అక్కడ దాని విధి, చీపుళ్ళ గదికి బాధ్యత వహించడం.

"ఆపడానికి దారేం లేదా సార్?"

"ఒక్కటుంది. భార్యాభర్తలు ఒకే చోట పనిచేస్తున్నచో విడదీయరాదు." కూర్మారావు గారు విచారంగా తలూపారు. "కానీ దీనికి పెళ్ళి కాలేదు కదా."

జోగారావు గారు సొరుగులోంచి దసరా ఫొటో తీసి బల్ల మీద పెట్టారు. కంప్యూటరుకీ, ప్రింటరుకీ ఒకే దండ. ఇద్దరికీ బొట్టు. వెనకాల ఆఫీసు సిబ్బంది అంతా అక్షింతలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో అందరికంటే ముందు, చేయి ఎత్తి దీవిస్తూ కూర్మారావు గారు.

మేనేజరు చాలాసేపు చూశారు. "సాక్షిగా నేనే ఉన్నాను," అన్నారు చివరికి. "కాదనడానికి లేదు. విన్నపం రాయండి."

జోగారావు గారు రాయడానికి కూర్చున్నారు. పెళ్ళయిన కొత్తలో సుభద్ర పక్క జిల్లా బళ్ళో టీచరు. రెండేళ్ళు, శనివారం శనివారం ఆఖరి సీటులో కుదుపులు తింటూ బస్సు ప్రయాణం. ఆయన రాశారు: 'వీరిలో ఒకరు చెప్పినది మరొకరు కాగితముపై పెట్టుదురు. మధ్య ఉన్న తీగ గజమున్నర. అంతకంటె దూరమైనచో మాట అందదు. కావున విడదీయవద్దని మనవి.' అందులో ఒక్క అబద్ధం లేదు. బదిలీ ఆగింది. కానీ పదకొండు రోజులు పోయాయి.

జూన్ ముప్పయ్యో తేదీ మధ్యాహ్నానికి పదిహేడు అయ్యాయి. రెండు మిగిలాయి.

సాయంత్రం సమావేశ మందిరంలో వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో జోగారావు గారు, రెండోదాంట్లో కంప్యూటరు. ఇద్దరికీ శాలువా కప్పి, పళ్ళు చేతిలో పెట్టారు. కంప్యూటరు పళ్ళు జోగారావు గారే పట్టుకున్నారు. శాలువా దాని వెనక గాలి పోయే కన్నాలకి అడ్డం పడితే వేడెక్కుతుందని, ఉపన్యాసాలు సాగుతున్నంతసేపూ ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నారు.

కమిషనరు గారు కాగితం చూసి చదివారు. "శ్రీ కంప్యూటరు గారు వయోభారమును లెక్కచేయక, గత రెండు మాసములుగా కనబరచిన చురుకుదనము యువతరమునకు ఆదర్శప్రాయము. ఇరవై రెండు నిమిషముల నుండి పద్నాలుగు సెకన్లకు వచ్చుట నా సర్వీసులో ఏ ఉద్యోగి యందునూ చూడలేదు. కావున మిగిలిన రెండు రిజిస్టర్లు పూర్తి చేయు నిమిత్తము వారికి ప్రజాప్రయోజన దృష్ట్యా ఒక సంవత్సరము సర్వీసు పొడిగించడమైనది."

చప్పట్లు మోగాయి. కమిషనరు గారు కాగితం తిప్పి చూశారు. వెనక ఇంకో వాక్యం ఉంది.

"శ్రీ జోగారావు గారు కూడా పనిచేశారు."

ఆయనకి గోడగడియారం ఇచ్చారు. నూకాలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మరి నన్నెవలు ఎతుకుతారు బాబూ?" అని అడిగింది. జోగారావు గారు గడియారం సంచీలో పెట్టుకుంటూ, కంప్యూటరు వైపు చూపించి, "ఆయన," అన్నారు.

జూలై మూడోవారంలో కూర్మారావు గారు చంకలో ఫైలుతో జోగారావు గారింటికి వచ్చారు. మజ్జిగ ఇస్తే, ఏ అంశమూ అనకుండా తాగారు.

"కంప్యూటరు గారు పని చేయడం లేదు," అన్నారు. "రోజూ హాజరవుతున్నారు. తెర వెలుగుతోంది. రిజిస్టరు పక్కనే ఉంది. ఒక్క పేరూ ఎక్కలేదు. తాఖీదు ఇచ్చాం. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వలేదు."

"ఇవ్వకపోతే?"

"సస్పెండు. సస్పెండయితే పొడిగింపు రద్దు. రద్దయితే రిజిస్టర్లు గోదాముకి." ఆయన గొంతు తగ్గింది. "అందుకని సంజాయిషీ నేనే రాశాను, దాని తరఫున. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా సెక్షను కాని కాగితం రాశాను. 'చేతులు లేనందున ఆలస్యమైనది' అని."

జోగారావు గారికి పరీక్ష గది గుర్తొచ్చింది. "లేఖకుడు..."

"మంజూరైంది. నెల ముందే దరఖాస్తు పెట్టించినట్టు చూశాను. లేఖకుడికి గొలుసుకట్టు రాత చదవడం రావాలి, సదరు ఉద్యోగి అలవాట్లు తెలిసి ఉండాలి. నోటీసు బోర్డులో పెట్టాం. ఊరంతటిలో ఒక్క దరఖాస్తూ రాలేదు. మీరు పెట్టలేదు."

"నాకు తెలియదు సార్."

"మీకు తెలియదని నాకు తెలుసు." కూర్మారావు గారు ఫైలు విప్పి, తన చేతిరాతతో నింపిన దరఖాస్తు ముందు పెట్టారు. "ఇంటూ గుర్తు దగ్గర సంతకం."

"ఎవరి కింద పని?"

"కంప్యూటరు గారి కింద. హాజరు వారే చూస్తారు. సెలవు వారే మంజూరు చేస్తారు. నాకు సంబంధం లేదు."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "ఆ కిటికీ దగ్గర కుండీ. నీళ్ళు పోయు అధికారం ఎవరికీ దఖలు పడలేదు. తాత్కాలికంగా నేను పోస్తున్నాను. మొగ్గ వేసింది."

పద్దెనిమిదో రిజిస్టరు సెప్టెంబరులో పూర్తయింది. పంతొమ్మిదోది సగానికి వచ్చాక, ఒక సోమవారం, చినలింగం పంతులు గారి గొలుసులో ఒక లంకె దగ్గర జోగారావు గారి వేలు ఆగింది. తండ్రి పేరు చూశారు. వీధి చూశారు. మరో నాలుగు వరసలు పైకి వెళ్ళి ఇంకో తండ్రి పేరు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

నూకాలమ్మ గుమ్మంలో ఉంది. ఆ రోజు ఆవిడ వెనకాల, ఇంకో తట్టతో, వరండా స్తంభానికి ఆనుకుని పైడితల్లి కూడా ఉంది.

"దొరికావమ్మా," అన్నారు జోగారావు గారు. ఇన్నేళ్ళ ఆశ. "పైడితల్లి నీకంటే తొమ్మిది రోజులు పెద్ద."

నూకాలమ్మ కదలకుండా నిలబడింది. వేళ్ళు మడిచి తొమ్మిది లెక్కపెట్టుకుంది. తెల్లబడిన జుట్టు ఒకసారి చేత్తో వెనక్కి తోసుకుంది. నెమ్మదిగా మొహమంతా విచ్చుకుంది.

"అంటే నాను కుర్రదాన్నన్నమాట!" అని, గిరుక్కున వరండా వైపు తిరిగి అరిచింది. "ఓలక్కా! ఇన్నావేటి? ముసల్దానివి నువ్వేనంట!"

వరండాలో తట్ట దించిన చప్పుడైంది.

"ఏటన్నావు?" అంది పైడితల్లి. "మళ్ళీ అను."

దీపావళికి ముందు వారం పంతొమ్మిదో రిజిస్టరు చివరి పేజీ ఎక్కింది. మర్నాడు సుభద్ర తిథి. చినలింగం పంతులు గారు కలం ఎత్తిన చోట జోగారావు గారు కూడా వేలు ఎత్తి, ఒక తెల్ల కాగితం తీసుకుని రాశారు: 'గౌరవనీయులైన కంప్యూటరు గారికి, నా భార్య ఆబ్దికం నిమిత్తం రేపు ఒక పూర్తి రోజు సెలవు మంజూరు చేయ ప్రార్థన.' దాన్ని కీబోర్డుకి ఆనించి, తెరకి కనిపించేలా నిలబెట్టారు. తెర ఏమీ అనలేదు. ఆయన సర్వీసులో ఇంత త్వరగా ఏ సెలవూ మంజూరు కాలేదు.

సంచీ భుజాన వేసుకుని, ఆపే మీట నొక్కారు. ఎప్పుడూ టప్పున ఆరిపోయే తెర ఆ రోజు ఆరలేదు. లోపల్లోపల ఏవో కొత్త మార్పులు దించుకుంటోంది కాబోలు, నీలంగా వెలిగి అక్షరాలు చూపించింది. 'మూడు అంచెలలో మొదటి అంచె. దయచేసి వేచి ఉండండి.'

జోగారావు గారు కిటికీ వైపు చూశారు. మందారం రెండు పూలు పూసి ఉంది. సంచీ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పై అధికారి ఉండమన్నాక ఉండాలి కదా.